దోమ వేషం

అంగుల్ నుంచి కాగితం వచ్చింది.
మలేరియా మాసం. పది ఊళ్ళు, పది ఆటలు.
ఆటకు పన్నెండు వందలు.
దోమ తప్పనిసరి.

మా పెట్టెలో దోమ లేదు.
రావణుడున్నాడు, నిలబెడితే నా నడుం దాకా వస్తాడు.
బంగారు లేడి ఉంది, నిజం లేడి చర్మంతోనే చేసింది,
తన ఒళ్ళే తన వేషం.
మంగలి ఉన్నాడు, మంగలి మనవడున్నాడు,
కథ బరువెక్కినప్పుడల్లా వచ్చి నవ్వించి పోవడానికి.
రాముడూ ఉన్నాడు గానీ
ఆట పేరు మాత్రం రావణుడి నీడ.
వెలుగుకు నీడేమిటి కోడలా, అంటాడు మామ,
నీడ పడేది అడ్డంగా నిలబడ్డవాడికే.

కొత్త చర్మం దొరకదు.
జింకను ముట్టుకుంటే జైలు.
మేకతోలు మందం, దీపానికి లొంగదు.
రెండు రోజులు ఉలి ఒళ్ళో పెట్టుకుని
వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు బైధర్ మామ.
మూడో రోజు చూరులోంచి
తాల్చేర్ ఆసుపత్రి కవరు దించాడు.
అందులో ఆయన రొమ్ము.

పదిహేడేళ్ళు
రాత్రి రావణుణ్ణి ఎత్తిన చేతులతోనే
పగలు బొగ్గు ఎత్తాడు.
ఆట గంజి పోసింది, బొగ్గు అన్నం పెట్టింది,
దగ్గు మాత్రం ఉచితం.
డాక్టరు ఆ ఫిల్మును కిటికీకి ఆనించి
ఇవిగో మచ్చలు, అన్నప్పుడు
ఈయన మచ్చల్ని చూడలేదు.
"ఎంత బాగా దిగుతోంది వెలుగు!" అన్నాడు.

కుడి పక్కటెముకలు ఒక రెక్క, ఎడమవి ఒక రెక్క.
వెన్నెముక దోమ నడుం.
తొండానికి చాలకపోతే
నా పాత గొడుగు పుల్ల ఇచ్చాను.
గుండె దగ్గర ఉలి ఆగింది.
ఆగి, కాసేపటికి,
దీన్ని పొట్ట చేద్దాం, అన్నాడు,
నెత్తురుండే చోటేగా.

మొదటి ఆట బడఝర్‌లో, పంచాయతీ ఆఫీసు వెనక.
సూపర్‌వైజర్‌కు కుర్చీ. మిగతావాళ్ళకు నేల.
ముందు వరస పిల్లల ముఖాల మీద
ఫోన్ల నీలం వెలుగు.
వాళ్ళూ ఏదో తెర వెనకే ఉన్నారనిపించింది,
ఆడించేదెవరో కనబడలేదు.

ఆముదం దీపం నా వంతు.
బొమ్మ దగ్గరికి దీపం జరిపితే నీడ పెరుగుతుంది.
ఇంత చిన్న కిటుకు మీద
ఎన్ని తరాలు బతికాయో మా ఇంట్లో!
జరిపాను.

దోమ లేచింది.
ధోవతి చాలక పంచాయతీ గోడ మీదికి పాకింది.
రెక్కల్లో ఎముకలు వెలిగాయి,
మచ్చలున్న చోట ఇంకా ఎక్కువ వెలిగాయి.
ఒక్కొక్క ఫోనే బోర్లా పడింది.

ఒక పిల్ల, రెండు జడలది, లేచి నిలబడి అడిగింది:
"దోమ లోపల మనిషెందుకున్నాడు?"

ఖంజీర ఆగింది.
ఇది మా పాటలో లేని ప్రశ్న.
మామ మంగలిని తెర మీదికి తెచ్చాడు.
"దోమతెర కట్టుకోమంటే విన్నాడు కాదు తల్లీ,
అమాంతం మింగేసింది!"
నవ్వులు. సూపర్‌వైజర్ రాసుకున్నాడు:
సందేశం అందినది.

అప్పుడు దగ్గొచ్చింది మామకు.
చెయ్యి వణికింది, చేతిలో దోమ వణికింది,
గోడంతా వణికింది.
దోమకు దగ్గొచ్చిందోయ్, అని పిల్లలు పడి పడి నవ్వారు.
నేను దీపం కదపలేదు.
కదిపితే తెలిసిపోతుంది.

పన్నెండు వందలు ఇంకా రాలేదు.
తొమ్మిది ఊళ్ళు మాత్రం కబురు పెట్టాయి,
రావణుడు లేకపోయినా సరే, దోమ రావాలని.

ఆ రాత్రి పెట్టె సర్దుతున్నాను.
మావాళ్ళ పద్ధతి: మంచివాళ్ళు పైన,
రాక్షసులు కింద, మధ్యలో ఈతచాప.
దోమ నెక్కడ పెట్టను? అన్నాను.
మామ గోడకు చేరగిలి చాలాసేపు పలకలేదు.
నిద్రపోయాడనుకున్నాను.

"లేడి పక్కన పెట్టు," అన్నాడు.
"ఇద్దరం సొంత ఒళ్ళే వేషం కట్టినవాళ్ళం."